ఒక రోగికి ఒకే తోడు

బుధవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలో, ఆడవాళ్ల ఉబ్బసం వార్డు గేటు దగ్గర తిరపతమ్మను ఆపేశారు. ఆమెకు బదులు ఒక పెరుగు గిన్నెను లోపలికి పంపారు.

గిన్నె స్టీలుది. దానికి మూత ఉంది. మూత మీద అంటించిన కాగితంపై "మంచం 13, తోడు" అని రాసి ఉంది. గేటు దగ్గర కాపలా చూసే బాజీ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత తన వెనక గోడమీద ఉన్న బోర్డు చదివాడు. "ఒక రోగికి ఒకే తోడు" అని బోర్డు. సోమవారమే రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు.

"పదమూడో మంచానికి తోడు వెళ్లిపోయింది పిన్నీ. ఇంక నువ్వు వెళ్లేదానికి లేదు," అన్నాడు బాజీ.

తిరపతమ్మ గిన్నె వెళ్లిన వైపు చూసింది. అది ఆయా చేతుల్లో ఉంది. వార్డు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

తిరపతమ్మకు యాభై ఒక్కేళ్లు. పదమూడో మంచం మీద ఉన్న నాంచారమ్మ ఆమెకు తోడికోడలు, మరిది భార్య. ఇద్దరూ పంతొమ్మిది సీజన్లుగా మిర్చి యార్డు షెడ్లలో పక్కపక్కన కూర్చుని కాయల తొడిమలు తీస్తున్నారు. మూడో సీజన్ నుంచి నాంచారమ్మకు ఆ ఘాటు పడదు. మొన్న శుక్రవారం పనిలో ఉండగా ఊపిరి అందక కూలబడింది. లేవలేదు. తిరపతమ్మే ఆటోలో తెచ్చి చేర్పించింది.

చేర్చిననాడు నాంచారమ్మ చేత ఒక గొట్టంలోకి ఊదించారు. ముల్లు నూట నలభై దగ్గర ఆగింది. మూడొందలు వస్తే ఇంటికి పంపుతామని చెప్పారు. అందుకు పొద్దునా సాయంత్రమూ మందు పీల్చాలి. డబ్బా నొక్కాలి, మందు లోపలికి లాగాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. నాంచారమ్మకు వచ్చిన చిక్కంతా ఆ పది దగ్గరే.

"నేను లెక్కపెట్టుకుంటే నాలుగు కాడే అయిపోద్ది డాక్టరమ్మా. దగ్గొచ్చిద్ది. అక్క లెక్కపెడితే పది దాకా పోద్ది," అని ఆమె డాక్టర్ హసీనాతో చెప్పింది. పనిలో కూడా బుట్టలు లెక్కపెట్టేది అక్కేనని, తను ఎప్పుడూ లెక్క జోలికి పోలేదని కూడా చెప్పింది.

డాక్టర్ హసీనా ఆ మాట కేసు షీటులో రాసుకుంది. తిరపతమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని నాలుగు రోజులు లెక్కపెట్టింది. మంగళవారం సాయంత్రానికి ముల్లు నూట తొంభైకి వచ్చింది. బుధవారం ఆమె స్థానంలో గిన్నె వచ్చింది.

ఇది ఇలా కావడానికి ఆ వారం అధికార భాషా వారోత్సవం కావడం కారణం.

ఆసుపత్రి పాలనాధికారి గోవర్ధనరావు ఆ వారమంతా కాగితాల మీద ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చూస్తానని జిల్లా కార్యాలయానికి రాసి ఇచ్చారు. సోమవారం ఉదయం ఆయన ఎర్ర సిరా కలంతో ఆసుపత్రి అంతా తిరిగారు. వార్డుల గేట్ల దగ్గర "అటెండెంట్" అన్న మాట కొట్టేసి "తోడు" అని రాయించారు. అటెండెంట్ పాసు తోడు చీటీ అయింది. ఇందులో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

మధ్యాహ్నం డాక్టర్ హసీనా తన పరిశోధన కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసనాళాల్లో అలర్జీ వల్ల వాపు వస్తుంది. ప్రోబయోటిక్ ఇస్తే ఆ వాపు తగ్గుతుందేమో చూడాలని ఆమె ఉద్దేశం. ఎలుకల్లో కొంత తగ్గినట్టు కనబడిందని, మనుషుల్లో ఇంకా తేలలేదని, మామూలు మందులు మాత్రం ఎవరికీ ఆపకూడదని అందులో రాసింది.

గోవర్ధనరావు ప్రోబయోటిక్ మీద కలం పెట్టి, దాన్ని తెలుగులో ఏమంటారని అడిగారు. మేలుచేసే సూక్ష్మజీవులు అనవచ్చని ఆమె చెప్పింది. రోగులకు మనమే సూక్ష్మజీవులు ఇస్తున్నామని పత్రికలకు తెలిస్తే తన ఉద్యోగం ఉండదని ఆయన అన్నారు. అవి దేంట్లో ఉంటాయని అడిగారు. పాలను పెరుగు చేసేవి అలాంటివేనని ఆమె చెప్పింది.

"అంటే తోడు. ఇంత చక్కని మాట పెట్టుకుని ఎందుకమ్మా ఈ అవస్థ," అని ఆయన ఇంగ్లీషు మాట ఉన్న పదకొండు చోట్లా తోడు అని రాశారు. తోడు అనే మాట ఆ రోజు అప్పటికే ఒకసారి వాడేసిన సంగతి ఆయనకు గుర్తులేదు. బోర్డుల ఫైలు వేరు, పరిశోధన ఫైలు వేరు.

ఆమె పన్నెండు వారాలు అడిగింది. ఫారంలో రోజుల గడి మాత్రమే ఉంది, వారాల గడి లేదు. ఆయన అంకె మార్చకుండా పన్నెండు రోజులు మంజూరు చేశారు. ఎవరు ఏ వర్గమో చీట్లు తీసి తేల్చాలని ఆమె కోరింది. చీట్లు తీయడం జూదం కిందికి రావచ్చన్న అనుమానంతో ఆయన బేసి మంచాలు 'అ' వర్గం, సరి మంచాలు 'ఆ' వర్గం అని రాశారు.

మంగళవారం సర్క్యులర్ వచ్చింది. దాన్ని ఆ వారం "చుట్టుకమ్మ" అన్నారు. అందులో ఇలా ఉంది: "ఉబ్బసము వార్డునందలి 'అ' వర్గపు రోగులకు దినమునకు రెండు పూటలా తోడు ఇవ్వబడును. 'ఆ' వర్గపు రోగులకు ఎట్టి పరిస్థితులలోనూ తోడు ఇవ్వరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును." ప్రతులు వార్డుకు, వంటశాలకు, భద్రతా విభాగానికి వెళ్లాయి.

భద్రతా విభాగం అంటే బాజీ. అతను చదివి, అరగంటలో సరి మంచాల దగ్గరున్న పన్నెండు మందినీ బయటికి పంపేశాడు. పద్నాలుగో మంచం సైదాబీ కూతురు అందరికంటే ఎక్కువసేపు వాదించింది. మా అమ్మ అరవై ఎనిమిదేళ్ల మనిషి, మందు డబ్బా ఎటు తిప్పాలో కూడా ఆమెకు తెలియదు అంది. ఆ సంగతి తనకూ తెలుసని, కానీ 'ఆ' వర్గానికి ఇవ్వరాదని రాసి ఉందని బాజీ చెప్పాడు. పదమూడు బేసి కావడం అదృష్టమని ఆ సాయంత్రం తిరపతమ్మ అనుకుంది.

బుధవారం వంటశాల తన వంతు అమలు చేసింది. బేసి మంచాలకు పన్నెండు గిన్నెలు వచ్చాయి. ఒక రోగికి ఒకే తోడు కాబట్టి గిన్నె లోపలికి వెళ్లిన ప్రతి మంచం మనిషీ బయటికి రావాల్సి వచ్చింది. ఎనిమిదిన్నరకల్లా వార్డులో ఇరవైనాలుగు మంది రోగులు, పన్నెండు గిన్నెలు, ఒక నర్సు మిగిలారు.

బాజీ మర్యాద తప్పలేదు. ప్రతి గిన్నెకూ చీటీ రాశాడు. పేరు దగ్గర పెరుగు అని, వయసు దగ్గర ఒక రోజు అని రాశాడు. రోగితో బంధుత్వం దగ్గర కలం ఆగింది. తిరపతమ్మను అడిగాడు.

"ఇందాకటి దాకా నాకు ఏం రాశావో అదే రాయి," అంది తిరపతమ్మ.

అతను తోడికోడలు అని రాశాడు.

లోపల నర్సు గిన్నెను స్టూలు మీద పెట్టింది. తోడు మంచం మీద కూర్చోరాదని నిబంధన ఉంది. నాంచారమ్మ దాన్ని ఏం చేయాలని అడిగితే, ఇవ్వబడును అని ఉంది గాని తినిపించబడును అని లేదని నర్సు చెప్పింది. నాంచారమ్మ మందు నొక్కి పీల్చింది. నాలుగు దగ్గర దగ్గొచ్చింది. గిన్నె అలాగే ఉంది.

తొమ్మిదింటికి డాక్టర్ల రౌండ్లు మొదలయ్యాయి. రౌండ్ల సమయంలో తోడు వరండాలో ఉండాలి. ఆయా పన్నెండు గిన్నెలూ తెచ్చి వరండాలో బల్లమీద వరసగా పెట్టింది. బల్లకు ఆ చివర తిరపతమ్మ కూర్చుని ఉంది. ఏప్రిల్ నెల. పదింటికి ఎండ బల్లమీదికి వచ్చింది. తిరపతమ్మ కాసేపు చూసి, పదమూడో నంబరు గిన్నెను తన పక్కకు, నీడలోకి జరుపుకుంది. పులిస్తే నాంచారికి పడదు.

పదకొండింటికి గిన్నెల్ని లోపలికి పిలిచారు. తిరపతమ్మను పిలవలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆసుపత్రి అన్నం వచ్చింది. పప్పు నీళ్లగా ఉంది. నాంచారమ్మ స్టూలు మీది గిన్నె మూత తీసి, అన్నంలో కలుపుకుని తినేసింది. మరో ఎనిమిది మంది అదే పని చేశారు.

సాయంత్రం ఐదింటికి తోడు తనిఖీ. బాజీ లెక్కపెడితే పన్నెండు చీటీలకు మూడు గిన్నెల్లోనే తోడు ఉంది. అతను రిజిస్టరులో "తోడు కనబడుటలేదు – 9" అని రాసి, నర్సును విచారించి, కింద "రోగులు తమ తోడును తినివేసిరి" అని చేర్చి పై అధికారికి పంపాడు. ఆరింటికి తొమ్మిది మంది రోగులకూ సంజాయిషీ నోటీసులు అందాయి. నాంచారమ్మ తనది నర్సు చేత చదివించుకుంది. ఆ సాయంత్రం ఆమె ఊదితే ముల్లు నూట అరవై అయిదు చూపించింది.

డాక్టర్ హసీనా ఆ నోటీసు పట్టుకుని గోవర్ధనరావు దగ్గరికి వెళ్లింది. అది తినడానికే ఇచ్చారని, మనుషుల్ని తిరిగి లోపలికి రానివ్వాలని, ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలని చెప్పింది.

"తినేదైతే ఆహార విభాగం. కూర్చునేదైతే భద్రతా విభాగం. ఏ విభాగానిదో ముందు తేలాలి కదమ్మా," అన్నారాయన. ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలంటే అసలు ఎందుకు ఇచ్చామో రాయాలని, అది రాసే అలవాటు ఆసుపత్రిలో లేదని కూడా వివరించారు. సంజాయిషీ నోటీసులు మాత్రం నిలిపివేయడానికి ఒప్పుకున్నారు.

దారి కనుక్కున్నది తిరపతమ్మ. ఆమె గేటు దగ్గరికి వెళ్లి, పదమూడో మంచానికి ఇప్పుడు తోడు ఉందా అని బాజీని అడిగింది. లేదు, తినేశారు, ఈ పూటకి గిన్నెలు ఆపేశారు అన్నాడు.

"లేకపోతే మరి నన్ను పంపు. ఒకరుండాలిగా."

బాజీ నిబంధనల పుస్తకం తీశాడు. తోడు మార్పిడికి అవకాశం ఉంది. పాత తోడు తన చీటీ అప్పగించి వెళ్లిపోతే కొత్త తోడుకు చీటీ ఇవ్వవచ్చు. అప్పగించేటప్పుడు పాత తోడు సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. బాజీ ఖాళీ గిన్నె తెప్పించాడు. గిన్నె అడుగు సిరాలో అద్ది రిజిస్టరులో ముద్ర వేశాడు. గుండ్రంగా పడింది. కింద నిశానీ అని రాశాడు. ఆరు గంటల నలభై నిమిషాలకు తిరపతమ్మ లోపలికి వెళ్లింది.

"ఏమే నాంచారీ, నా బదులు వచ్చినదాన్ని తినేశావంటగా," అంది.

"నువ్వొస్తావని తెలిస్తే ఇంకా ముందే తినేదాన్ని అక్కా. నీకన్నా అదే నయం, నోరెత్తలా," అంది నాంచారమ్మ. తర్వాత మందు పీల్చింది. తిరపతమ్మ లెక్కపెట్టింది. పది దాకా పోయింది.

గురువారం ఉదయానికి బేసి మంచాల వాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. ఎనిమిదింటికి గిన్నెలు వచ్చాయి. ఎనిమిదీ రెండుకు పన్నెండూ ఖాళీ అయ్యాయి. ఎనిమిదీ పదికి పన్నెండు గుండ్రని ముద్రలు పడ్డాయి, పన్నెండు మంది మనుషులు లోపలికి వెళ్లారు. సాయంత్రమూ అంతే. ఏ పరిశోధనలోనూ ఇచ్చినది ఇచ్చినట్టు ఇంత తొందరగా తిన్న రోగుల్ని తాను చూడలేదని డాక్టర్ హసీనా నర్సుతో అంది. ఆమె ముఖంలో సంతోషం లేదు. సరి మంచాల వైపు ఎవరూ లేరు.

పద్నాలుగో మంచం సైదాబీ ఆ రోజు డబ్బాను తలకిందులుగా పట్టుకుని నొక్కింది. తిరపతమ్మ చూసింది. తనది పదమూడో మంచం. ఆమె స్టూలును రెండు మంచాల మధ్యకు జరుపుకుని, నాంచారమ్మ చేతిలో డబ్బా పెట్టి, "ఇట్టా నిలువునా పట్టుకో నాంచారీ" అని గట్టిగా చెప్పింది. నాంచారమ్మ పట్టుకునే ఉంది. సైదాబీ తన డబ్బా తిప్పుకుంది. "ఇప్పుడు నొక్కు. లాగు. ఒకటి, రెండు..." ఇద్దరూ పది దాకా ఆగారు.

శుక్రవారం, శనివారం, ఆదివారం ఇలాగే జరిగింది. ఆదివారం సాయంత్రం నాంచారమ్మకు రెండొందల ముప్పై వచ్చింది. సైదాబీకి నూట పది నుంచి నూట డెబ్బై వచ్చింది. 'ఆ' వర్గంలో మిగతా ఎవరికీ ముల్లు కదలలేదు. ఒక్కరికే కదిలేసరికి గోవర్ధనరావుకు అనుమానం వచ్చింది.

సోమవారం పదకొండు గంటలకు ఆయన గదిలో విచారణ. నేరం రుజువైతే తిరపతమ్మ తోడు చీటీ శాశ్వతంగా రద్దవుతుంది. నాంచారమ్మకు ఇంకో డెబ్బై కావాలి. బాజీని సాక్షిగా పిలిచారు. డాక్టర్ హసీనా పిలవకుండానే వచ్చి నిలబడింది.

"నువ్వు పదమూడవ మంచమునకు మంజూరైన తోడువు. పద్నాలుగవ మంచమునకు తోడు నిషిద్ధము. నిషిద్ధ వర్గమునకు నువ్వు తోడు సరఫరా చేసినట్లు అభియోగము," అని చదివారు గోవర్ధనరావు.

"నేను మా నాంచారికే లెక్కపెట్టానండి. పక్కనామెకి చెవులున్నాయి. నన్నేం చెయ్యమంటారు?" అంది తిరపతమ్మ.

ఆయన బాజీ వైపు చూశారు. స్టూలు నాలుగు కాళ్లూ పదమూడో మంచం హద్దులోనే ఉన్నాయని, తాను టేపు పెట్టి కొలిచానని బాజీ చెప్పాడు. కొలిచేముందు స్టూలును తానే జరిపిన సంగతి ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

"మరి పద్నాలుగుకు చేరినదేమిటి?"

"మాటండి."

గోవర్ధనరావు కలం కింద పెట్టారు. మాట తోడు అవుతుందా కాదా అన్నది ఏ ఫైల్లోనూ లేదు. అవుతుందంటే పక్క మంచం వాళ్లతో మాట్లాడే ప్రతి రోగిమీదా చర్య తీసుకోవాలి. వార్డులో మాట్లాడని రోగి లేదు. అంతమందికి నోటీసులు ఇవ్వడానికి తెల్లకాగితాలు లేవు. డాక్టర్ హసీనా ఉత్తర్వు ఎత్తేస్తే సరిపోతుందని మళ్లీ చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, ఎత్తేయకుండా వివరణ ఉత్తర్వు రాయించారు.

"నోటితో అంకెలు లెక్కించుట తోడు నిర్వచనములోనికి రాదు. శబ్దము గాలిలో ప్రయాణించును గనుక దానికి చీటీ అవసరము లేదు."

బాజీ దాన్ని గేటు మీద అంటించాడు. సైదాబీ కూతురు చదివింది. ఆరు రోజులుగా ఆమె గేటు బయట చెట్టు కింద ఉంది. చదివి, వార్డు చుట్టూ తిరిగి వెనకవైపు వెళ్లింది. పద్నాలుగో మంచం దగ్గర కిటికీ ఉంది. సాయంత్రం మందు వేళకు ఆమె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఒకటి అంది. మంగళవారం ఉదయం సరి మంచాల కిటికీలన్నింటి దగ్గరా మనుషులున్నారు. కిటికీలు ఆరే. ఒక్కో దాని దగ్గర ఇద్దరు ముగ్గురు తమ వాళ్లను పేరు పెట్టి పిలిచి, నొక్కమని, లాగమని చెప్పి, లెక్క మొదలుపెట్టారు. అందరూ ఒకే అంకె దగ్గర ఉండకపోవడంతో మొదటిరోజు కొందరికి ఏడు తర్వాత అయిదు వినబడింది. బుధవారం నుంచి తిరపతమ్మ లోపలి నుంచి మొదలుపెడితే బయటివాళ్లు అందుకున్నారు. తొమ్మిది దగ్గర వార్డు అంతా ఒకేసారి నిశ్శబ్దంగా ఉండేది. పది అనగానే అందరూ ఊపిరి వదిలేవారు. పక్కన ఉన్న మగవాళ్ల వార్డులో కూడా వదిలేవారని నర్సు చెప్పింది.

ఆదివారంతో పన్నెండు రోజులు పూర్తయ్యాయి. సోమవారం డాక్టర్ హసీనా నివేదిక ఇచ్చింది. 'అ' వర్గంలో సగటున నూట పద్దెనిమిది పెరిగింది, 'ఆ' వర్గంలో నూట ఇరవై ఒకటి. ఆమె ఇలా రాసింది: పెరుగు వల్ల తేడా కనబడలేదు. పన్నెండు రోజుల్లో కనబడుతుందని నేను అనుకోలేదు కూడా. ఇది దానిమీద తీర్పు కాదు, ఇంకా చూడాలి. రెండు వర్గాలవాళ్లూ మందు సరిగా పీల్చడం వల్ల కోలుకున్నారు. సరిగా పీల్చడానికి కారణం పక్కనో కిటికీలోనో ఒక మనిషి ఉండటం.

గోవర్ధనరావు చివరి వాక్యం తీసేశారు. కిటికీలు ఇంజనీరింగు విభాగం పరిధిలోవి. మిగిలినదాన్నిబట్టి మంగళవారం ఉదయం ఉత్తర్వు వచ్చింది: "తోడు ఉన్న రోగులకును, లేని రోగులకును భేదము లేదని శాస్త్రీయముగా రుజువైనందున, అన్ని వార్డులందును తోడు తక్షణము రద్దు చేయడమైనది."

వంటశాల గిన్నెలు ఆపేసింది. బాజీ చీటీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. తిరపతమ్మ చీటీ ఏడు గంటల యాభై నిమిషాలకు ఇచ్చేసి బయటికి వచ్చింది. శబ్దం గురించిన వివరణ ఉత్తర్వు రద్దు కాలేదని బాజీ ఆమెకు గుర్తుచేశాడు. ఎనిమిదింటికి కిటికీల దగ్గర, పక్క వార్డుల నుంచి వచ్చినవాళ్లతో కలిపి, నలభై ఒక్క మంది ఉన్నారు. తిరపతమ్మ ఆరో కిటికీ దగ్గర నిలబడింది.

పది గంటలకు నాంచారమ్మ గొట్టంలోకి ఊదింది. మూడొందల పది. సైదాబీకి రెండొందల నలభై. ఆమె ఇంకో వారం ఉండాలన్నారు.

నాంచారమ్మకు డిశ్చార్జి కాగితం ఇచ్చారు. ఇంటి దగ్గర మందు మానవద్దని, మిర్చి షెడ్డుకు పోవద్దని డాక్టర్ హసీనా చెప్పింది. రోగి తోడు లేకుండా ఒంటరిగా గేటు దాటాలని బాజీ చెప్పాడు. గేటు రిజిస్టరులో నాంచారమ్మ బయటికి వెళ్లిన సమయం పదకొండు ఇరవై. వార్డులో మరచిపోయిన చెప్పుల కోసమని లోపలికి వెళ్లిన తిరపతమ్మ బయటికి వచ్చిన సమయం పదకొండు ఇరవై ఒకటి.

పదకొండు ఇరవైనాలుగుకు ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు.